ఆ దెబ్బలకు కుజుడు పూచీ కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. గ్రహ సంచారానికీ, ఇళ్లలో జరిగే దాడులకూ ముడిపెడుతూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. 2025 జూన్ 7న కుజుడు సింహంలోకి వచ్చి కేతువుతో కలిశాడనీ, అక్కడి నుంచి అతని అష్టమ దృష్టి, అంటే ఎనిమిదో రాశి మీద పడే చూపు, మీనంలో ఉన్న శని మీద పడిందనీ, జూలై 28న కుజుడు కన్యలోకి మారేదాకా భార్యాభర్తల మధ్య హింస, హత్యలు ఎక్కువయ్యాయనీ అందులో రాశారు. ఇలాంటి కలయికలు మళ్లీ వస్తాయి కాబట్టి దంపతులు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఓర్పుగా ఆ గడువు దాటించుకోవాలని సలహా కూడా ఇచ్చారు. గ్రహస్థితులు సరిగానే ఉన్నాయి. తేదీలు నా దగ్గరున్న గణితంతో సరిపోయాయి. నా అభ్యంతరమంతా ఆ సలహా మీదే. మీ పేపర్ లక్షల ఇళ్లకు వెళ్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. మొత్తం వేయకపోయినా మొత్తం చదవండి.

నేను హేతువాదిని కాను. మా తాతగారి కాలం నుంచీ మా ఇంట్లో పంచాంగ గణితం ఉంది. ఉగాదికి పంచాంగ శ్రవణం చేస్తాను, జాతకాలు రాస్తాను, ముహూర్తాలు పెడతాను. నా ఇల్లు గడిచేది దాని మీదే. అందుకే ఈ ఉత్తరం నాలాంటివాడు రాయడం అవసరం అనిపించింది. శాస్త్రం మీద నమ్మకం లేనివాళ్లు రాస్తే నమ్మినవాళ్లు పేజీ తిప్పేస్తారు.

ముందు గోచారం సంగతి. మనం పుట్టినప్పుడు చంద్రుడున్న రాశి నుంచి లెక్కపెట్టి, ఇప్పుడు ఆకాశంలో తిరుగుతున్న గ్రహం ఎన్నో ఇంట్లో ఉందో చూసి చెప్పేది గోచార ఫలం. ఇది మొత్తం జనాన్ని పన్నెండు వాటాలుగా చేసి చెప్పే మాట. దేశంలో నూట నలభై కోట్లమంది ఉంటే ఒక్కో రాశికి పదకొండు, పన్నెండు కోట్లమంది వస్తారు. సింహరాశి వాళ్లందరికీ ఒకే నెలలో చెయ్యి లేస్తుందా? శని సంగతి ఇంకా విచిత్రం. 12, 1, 2 ఇళ్లలో ఉంటే ఏలినాటి శని, 8లో ఉంటే అష్టమ శని, 4లో ఉంటే అర్ధాష్టమ శని. అంటే ఏ రోజు చూసినా పన్నెండు రాశుల్లో ఐదు రాశులవాళ్లు ఏదో ఒక రకంగా శని కింద ఉన్నట్టే. శని మీనంలో ఉన్నంతకాలం కుంభం, మీనం, మేషం వాళ్లకు ఏలినాటి, సింహానికి అష్టమం, ధనుస్సుకు అర్ధాష్టమం. ఏ నేరస్థుణ్ణి పట్టుకొచ్చి నా ముందు కూర్చోబెట్టినా వందకు నలభైసార్లు 'శని ప్రభావం' అని చెప్పేయొచ్చు. ఎవరూ తప్పుపట్టలేరు. కుజుడు, రాహుకేతువులు కూడా నా చేతిలో ఉంటే వందకు వందసార్లూ చెప్పగలను. జరిగిపోయిన నేరానికి జాతకం చెప్పడం మా వృత్తిలో అన్నిటికంటే సులువైన పని. ఏదైనా హత్య కేసు పేపర్లో పడగానే నిందితుల పుట్టినతేదీ వెతుక్కునే మా తోటివాళ్లకు ఈ సంగతి నాకంటే బాగా తెలుసు.

పోనీ గ్రహం మారితే మనిషి మారతాడనే అనుకుందాం. ఎప్పుడు మారాలి? ఆకాశంలో కనిపించే స్థానాలతో సరిపోల్చుకునే దృక్ గణితం ప్రకారం శని కుంభంలోకి వచ్చింది 2023 జనవరి 17న. పాత సూత్రాల లెక్కతో నడిచే వాక్య పంచాంగం పాటించే తిరునల్లారు శనీశ్వరాలయంలో అదే మార్పు 2023 డిసెంబర్ 20న జరిపారు. మీనంలోకి దృక్ ప్రకారం 2025 మార్చి 29న వస్తే, వాక్యం ప్రకారం 2026లో వచ్చింది. రెండు పంచాంగాలకీ మధ్య దాదాపు పదకొండు నెలల తేడా. మాలో మాకు ఇది ఎప్పటి నుంచో ఉన్న తగాదా, నేను దృక్ పక్షం. కానీ 'శని మారాక అంతా సర్దుకుంటుంది' అని ఒక ఆడపిల్లకు చెప్పినవాడు ఏ పంచాంగం లెక్కన ఆగమంటున్నాడో కూడా చెప్పాలి కదా. ఈ పదకొండు నెలలు ఆమె ఎవరి లెక్కలో దెబ్బలు తినాలి?

మీ వ్యాసం చెప్పిన ఆ రోజుల్లోనే, ఆషాఢంలో, ఒక తల్లీ కూతురూ నా దగ్గరికి వచ్చారు. తల్లి చేతి సంచిలోంచి రెండు జాతకాలతో పాటు మడతపెట్టిన పేపర్ ముక్క ఒకటి తీసింది. మీ పత్రికది కాదు లెండి, వేరేది. అందులో సింహరాశి దగ్గర పెన్నుతో గీత గీసి ఉంది. "అల్లుడిది సింహమేనండీ. జన్మరాశి మీద కుజుడు, కేతువు ఉన్నారట. అష్టమ శని కూడానట. ఈ నెలాఖరుకి కుజుడు మారిపోతాడు కదా పంతులుగారూ, అప్పటిదాకా కాస్త ఓర్చుకోమని దీనికి మీరైనా చెప్పండి. ఆషాఢం, పైగా మూఢం. ఇప్పుడు పిల్ల ఇంటికొచ్చేస్తే నలుగురూ ఏమంటారు?"

అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. అంత ఉక్కపోతలో చున్నీని మెడచుట్టూ రెండు వరసలు చుట్టుకుని కూర్చుంది. పుట్టిన సమయం రాసివ్వమ్మా అని కాగితం ఇస్తే పెన్ను ఎడమచేత్తో పట్టుకుంది. కుడిచేతి ఉంగరపు వేలు వాచి ఉంది, ఉంగరం దిగబడిపోయి దాని చుట్టూ చర్మం ఉబ్బి నల్లబడింది. నేను చూస్తున్నానని గమనించి చెయ్యి కిందికి దించుకుంది.

నేను జాతక చక్రం వేయలేదు. మొదటిసారి ఎప్పుడు కొట్టాడమ్మా అని అడిగాను. తల్లి ఏదో చెప్పబోతే కూతురే చెప్పింది. పెళ్లి 2021 మేలో అయింది. ఆ ఏడాది కార్తీకం ఆఖరి వారంలో, గుళ్లో దీపాలు పెట్టి ఇంటికి ఆలస్యంగా వచ్చినందుకు. ఆ తర్వాత కొట్టని నెల ఉందా అంటే కాసేపు ఆలోచించి, బాబు కడుపులో ఉన్నప్పుడు కూడా కొట్టాడండీ అంది.

అప్పుడు పాత పంచాంగం తీశాను, ఆ పిల్ల కోసం కాదు, తల్లి కోసం. 2021 కార్తీకం ఆఖరి వారంలో శని మకరంలో ఉన్నాడు. సింహానికి అది ఆరో ఇల్లు. కుజుడు తులలో, అంటే మూడో ఇంట్లో. గోచారంలో ఈ ఇద్దరికీ 3, 6, 11 మంచి స్థానాలు, ఓనమాలు నేర్చుకునే పిల్లవాడు కూడా చెప్తాడు. గురువు అప్పుడే కుంభంలోకి వచ్చాడు, సింహానికి ఏడో ఇల్లు, కళత్ర స్థానం, అంటే దాంపత్యాన్ని చెప్పే ఇల్లు, అదీ శుభమే. ఆ వారం వారఫలం రాయమంటే నేనే 'దాంపత్య సౌఖ్యం' అని రాసి ఉండేవాణ్ణి. ఆ వారంలోనే అతను మొదటిసారి భార్యను కొట్టాడు. కుజుడికి రాశిచక్రం చుట్టి రావడానికి 687 రోజులు పడుతుంది. అప్పటి నుంచి దాదాపు రెండు చుట్లు తిరిగాడు. శని మూడు రాశులు చూశాడు. ఆ మనిషి మాత్రం కుజుడు ఉచ్చలో, అంటే బలంగా ఉన్నప్పుడూ కొట్టాడు, నీచలో, అంటే బలహీనంగా ఉన్నప్పుడూ కొట్టాడు. జూలై 29 పొద్దున ఎందుకు మానేస్తాడమ్మా అని ఆవిణ్ణి అడిగాను. ఆవిడ పేపర్ ముక్కను మళ్లీ మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. నమ్మిందో లేదో నాకు తెలియలేదు.

నేను అడిగిన తర్వాతి ప్రశ్న జ్యోతిషానికి సంబంధించింది కాదు. "ఎప్పుడైనా గొంతు పట్టుకున్నాడా?" ఇది నాకు నేర్పింది న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్‌లో పనిచేసే ఒక లాయరమ్మ. జాతకం చూపించుకోవడానికి వచ్చి, మాటల్లో, "మా దగ్గరికి రావాల్సినవాళ్లు ముందు మీ దగ్గరికే వస్తారు, ఈ నాలుగు ప్రశ్నలు మీరూ అడగండి" అని చెప్పి వెళ్లింది. గొంతు నులిమాడా, చంపుతానన్నాడా, దెబ్బలు ఈ మధ్య ఎక్కువయ్యాయా, గర్భంతో ఉన్నప్పుడు కొట్టాడా. వీటికి అవునని జవాబొస్తే ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఎక్కువ. అమెరికాలో జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ 1980ల్లోనే ఇలాంటి ప్రశ్నలతో ఒక పట్టిక తయారుచేశారని ఆవిడే చెప్పింది. ఆస్పత్రుల్లో, పోలీసు స్టేషన్లలో అక్కడ దాన్ని వాడతారట. అదీ ఒక రకం భవిష్యవాణే అనిపించింది నాకు. తేడా ఏమిటంటే ఆ పట్టిక మనిషి చేసిన పనులను చూసి చెప్తుంది.

గొంతు సంగతి అడగ్గానే ఆ అమ్మాయి చున్నీ సర్దుకుంది. జవాబు అదే.

ఇక మీ వ్యాసకర్త చెప్పిన ఓర్పు. గ్రహం గడువు చెప్పి ఆగమనడంలో ఉన్న అసలు ప్రమాదం ఇదే: ఆ గడువు కొట్టేవాడికి కూడా తెలుస్తుంది. అప్పటిదాకా ఆమె ఎక్కడికీ పోదని అతనికి భరోసా. కుజుడి మీద నెలన్నర ఆగమంటారు. అది అయ్యాక కుజుడు కన్యలోకి వచ్చి శనికి ఎదురుగా నిలబడతాడు, సమసప్తకం, ఇంకో నెలన్నర. తర్వాత రాహువు. తర్వాత శని వక్రం, అంటే వెనక్కి నడిచినట్టు కనిపించడం. ఒక్కోసారి కుజుడే వక్రించి కదలడు. 2024 అక్టోబర్ నుంచి 2025 జూన్ మొదటి వారం దాకా అతను కర్కాటకం, మిథునాల మధ్యే తచ్చాడాడు. ఏలినాటి శని అయితే ఏకంగా ఏడున్నరేళ్లు. ఇక్కడ నాకు ఒక విషయం ఒళ్లు జలదరించేలా అనిపిస్తుంది. పెళ్లయిన ఏడేళ్లలోపు భార్య అసహజంగా చనిపోయి, అంతకు కొద్ది ముందు కట్నం కోసం వేధించారని తేలితే మన చట్టం దాన్ని వరకట్న మరణంగా చూస్తుంది. అప్పటి ఐపీసీ 304బి, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 80వ సెక్షన్. కనీసం ఏడేళ్ల జైలు, యావజ్జీవం దాకా వేయొచ్చు. కొత్త కాపురంలో మొదటి ఏడేళ్లు ఎంత ప్రమాదమో చట్టం రాసినవాళ్లు చావుల్ని చూసి గుర్తుపెట్టుకున్నారు. మేమేమో సరిగ్గా ఆ ఏళ్లనే ఓర్చుకోమంటున్నాం.

ఆగకుండా ఏం చేయాలి అంటే, దానికీ దారి ఉంది. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. దాని కింద మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేస్తే మామూలుగా మూడు రోజుల్లోపు మొదటి విచారణ తేదీ ఇవ్వాలి, అక్కడి నుంచి అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. దగ్గరికి రాకూడదని ఆర్డర్ ఇవ్వొచ్చు, ఆమెను ఆ ఇంట్లోంచి గెంటేయకూడదని ఆర్డర్ ఇవ్వొచ్చు, అతన్నే ఆ ఇంట్లోంచి వెళ్లమనొచ్చు. రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది దాకా జైలు. ఆచరణలో వాయిదాలు ఎలా పడతాయో నాకు తెలుసు, అది వేరే ఉత్తరం. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారని చాలామందికి తెలియదు, నాకూ ఆ లాయరమ్మ చెప్పేదాకా తెలియదు. 181కి ఫోన్ చేస్తే మహిళా హెల్ప్‌లైన్, అప్పటికప్పుడు ప్రాణం మీదికొస్తే 112. హింసకు గురైన ఆడవాళ్లకు సాయపడే సఖి కేంద్రాల్లో కొద్దిరోజులు తలదాచుకోవడానికి చోటిస్తారు. ఇంట్లోంచి బయటపడే సమయమే చాలా కేసుల్లో అన్నిటికంటే ప్రమాదం కాబట్టి, చెప్పాపెట్టకుండా ఒంటరిగా కాకుండా వీళ్లలో ఎవరో ఒకరి తోడుతో కదలడం మేలని కూడా ఆవిడ చెప్పింది.

ముహూర్తం అడిగేవాళ్లు కూడా ఉన్నారు, నవ్వకండి. 'ఇల్లు వదిలి వెళ్లడానికి మంచిరోజు చెప్పండి, వర్జ్యం లేకుండా' అని రహస్యంగా ఫోన్లు చేస్తారు. ఆపదకు ముహూర్తం లేదని పెద్దలే చెప్పారు. ఇల్లు కాలుతుంటే రాహుకాలం చూసుకుని ఎవరూ బయటికి రారు. అతను ఇంట్లో లేని సమయమే మంచి సమయమనీ, పుస్తెలు, సర్టిఫికెట్లు, ఆధార్, పిల్లల బర్త్ సర్టిఫికెట్ ముందే పక్కన పెట్టుకోమనీ చెప్తాను. నా దక్షిణకు ఇంతకంటే న్యాయం ఎలా చేయాలో నాకు తెలియదు.

మగవాళ్లూ వస్తారు. ఒకాయన, పెద్ద ఉద్యోగమే, కుజ మహర్దశ నడుస్తోందట, "చెయ్యి ఆగట్లేదండీ, ఏదైనా శాంతి చేయించండి" అన్నాడు. గొంతులో నిజంగానే బాధ ఉంది. మీ మేనేజర్ మీద ఎప్పుడైనా చెయ్యి లేచిందా అని అడిగాను. లేదన్నాడు. ట్రాఫిక్ పోలీసు మీద? నవ్వాడు. "అయితే మీ కుజుడికి ఎవరి మీద లేవాలో, ఎవరి మీద లేవకూడదో బాగా తెలుసన్నమాట" అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. నేను అక్కడ ఒక హోమానికి ఒప్పుకుని ఉంటే ఆయనకు రెండు లాభాలు. తప్పు తనది కాదని ఒక సిద్ధాంతి నోటితో అనిపించుకున్నట్టు, ప్రాయశ్చిత్తం కూడా డబ్బిచ్చి చేయించేసుకున్నట్టు. ఆ తర్వాత కొట్టినప్పుడు 'శాంతి సరిగ్గా జరగలేదు' అంటాడు. పగడం, ముత్యం పెట్టించడం కూడా ఇదే లెక్క. కోపం తగ్గడానికి ముత్యం ఉంగరం పెట్టుకున్న చేత్తోనే చెంపదెబ్బ కొడితే ఆ రాయి గీసుకుపోయిన గాటు ఒకామె బుగ్గ మీద చూశాను.

కోర్టులో ఈ మాటలు చెల్లుతాయా? మతి స్థిమితం లేనివాడి నేరానికి చట్టంలో మినహాయింపు ఉంది. అష్టమ శనికి లేదు. జడ్జిగారి దగ్గర చెల్లని సాకు పేపర్లో ఎందుకు చెల్లాలి?

కుజదోషం సంగతి ఎత్తకుండా ముగిస్తే నా వృత్తివాళ్లకు మొహమాటపడినట్టే. 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడుంటే దోషం అంటారు. పన్నెండింట ఐదు ఇళ్లు. లగ్నం నుంచీ, చంద్రుడి నుంచీ, శుక్రుడి నుంచీ కూడా చూడాలన్నవాడి దగ్గరికి వెళ్తే లెక్కప్రకారం సుమారు పదిమందిలో ఎనిమిదిమందికి దోషం తేలుతుంది. అందుకే శాస్త్రంలో అన్ని మినహాయింపులు రాసిపెట్టారు, అవి చెప్పకుండా దోషం మాత్రం చెప్పేవాళ్లు చెప్తున్నారు. ఇది మగపిల్లవాడికుంటే ఎవరూ పట్టించుకోరు, ఆడపిల్లకుంటే జాతకం దాచేస్తారు. తీరా మొగుడు కొడితే 'నీ జాతకంలోనే ఉంది' అని ఆమెకే తిరగేసి చెప్తారు. దెబ్బలు తిన్నదీ ఆమె, దోషం ఉన్నదీ ఆమెకే. భర్త చనిపోతే ఇక చెప్పక్కర్లేదు.

గ్రహచారం మీద మనకున్న పెద్ద గ్రంథం వరాహమిహిరుడి బృహత్సంహిత. ఆరో శతాబ్దం నాటిది. కుజుడి సంచారం, శని సంచారం అంటూ ఒక్కో గ్రహానికీ అధ్యాయాలు ఉన్నాయి. వాటిలో చెప్పింది దేశాల గురించి, వానల గురించి, పంటలు, రాజులు, దొంగల భయం, ఆయుధ భయం గురించి. ఫలానా ఇంట్లో ఫలానా మొగుడు పెళ్లాన్ని కొడతాడని ఆ అధ్యాయాల్లో ఆయన గ్రహానికి అంటగట్టలేదు. అదే గ్రంథంలో స్త్రీ ప్రశంస అని ఒక అధ్యాయం ఉంది, మా వాళ్లు ఎవరూ దాన్ని సభల్లో చదవరు. ఆడవాళ్లలో ఉందని చెప్పే ఏ దోషాన్ని మగవాళ్లు చేయలేదో నిజం చెప్పండి అని ఆయన నిలదీస్తాడు. పద్నాలుగు వందల ఏళ్ల కిందటి జ్యోతిష్కుడు అడిగిన ప్రశ్న అది.

గోచారం ఒక్కటే ఫలం ఇవ్వదని, దశ చూడాలని, వేధ, అంటే ఒక గ్రహం ఫలాన్ని ఇంకో గ్రహం అడ్డుకోవడం, అదీ చూడాలని మా తోటివాళ్లు నాకు గుర్తుచేస్తారు. ఒప్పుకుంటాను. అన్నీ చూసిన తర్వాత కూడా జాతకం మనిషికి కోపస్వభావం ఉందని చెప్పగలదేమో కానీ, ఆ కోపాన్ని తలుపులేసి, పిల్లవాణ్ణి పక్కగదిలో పెట్టి, శబ్దం బయటికి రాకుండా టీవీ సౌండ్ పెంచి తీర్చుకోమని ఏ గ్రహమూ చెప్పదు. అంత ఏర్పాటు చేసుకున్నవాడు తన చేతిని తాను ఎరిగే ఉన్నాడు. పుణెలో 2008లో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ గారు ఒక పరీక్ష పెట్టారు. చదువులో చురుకైన పిల్లలవీ, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవీ కలిపి రెండు వందల జాతకాలు సేకరించి, ఏది ఎవరిదో చెప్పమని జ్యోతిష్కులకు పంపారు. ఇరవై ఏడుమంది జవాబులిచ్చారు. సగటున 46 శాతం సరిపోయాయి. నాణెం ఎగరేసినా 50 వస్తుంది. ఆ పరీక్ష పద్ధతి మీద నాకు కొన్ని అభ్యంతరాలు ఉన్నాయి. కానీ ఆ అంకె చూశాక ఒక ప్రాణానికి సంబంధించిన నిర్ణయాన్ని చక్రం మీద పెట్టమని చెప్పే ధైర్యం మాత్రం నాకు లేదు.

అంకెలే కావాలంటే వేరేవి ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్లయిన 18-49 ఏళ్ల ఆడవాళ్లలో భర్త హింసను ఎప్పుడో ఒకప్పుడు అనుభవించినవాళ్లు దేశంలో 29.3 శాతం. తెలంగాణలో 36.9, ఆంధ్రప్రదేశ్‌లో 30. తరచూ తాగివచ్చే భర్తలున్న ఆడవాళ్లలో ఇది సుమారు 70 శాతం, తాగని భర్తలుంటే 23. కుజుడి సంచారం కంటే ఇంటికొచ్చేటప్పుడు అతను ఎక్కడ ఆగాడన్నది ఎక్కువ చెప్తోందన్నమాట. తాగనివాళ్లు కొట్టరని కాదు, ఆ 23 శాతం కూడా చిన్నదేమీ కాదు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకో అంకె. దెబ్బలు తిన్నవాళ్లలో ఎవరి సాయమైనా కోరినవాళ్లు 14 శాతమే. మిగతావాళ్లలో ఎంతమంది మాలాంటివాళ్ల దగ్గర కూర్చుని 'నా గ్రహచారం' అనుకుంటూ వెళ్లిపోయారో ఏ సర్వే చెప్పదు.

ఇప్పటి పిల్లలకు మా దాకా రావాల్సిన పనిలేదు. ఫోన్లో నిమిషానికి ఇంత అని జ్యోతిష్కుడు దొరుకుతాడు. అర్ధరాత్రి పూట ఆడపిల్లలు అడిగేది ఒకటే ప్రశ్న అని అక్కడ కొన్నాళ్లు పనిచేసిన మా బంధువుల కుర్రాడు చెప్పాడు: 'అతను మారతాడా?' ప్రేమించినవాడు ఫోన్ పాస్‌వర్డ్ అడుగుతాడు, గంటగంటకూ లొకేషన్ పంపమంటాడు, స్నేహితుల్ని మాన్పిస్తాడు, మాట వినకపోతే ఫొటోలు బయటపెడతానంటాడు. దీనికి ఆ కుర్రాడికి నేర్పించిన జవాబు 'శుక్రుడు మారగానే మారతాడు'. మారడు అని చెప్తే కాల్ అక్కడితో కట్ అవుతుంది కదా, డబ్బు ఆగిపోతుంది. వాడు ఆ పని మానేశాడు.

మీకు నా విన్నపం పెద్దదేమీ కాదు. వారఫలాలు మానేయమని అడగను, అడిగితే నా పొట్ట నేను కొట్టుకున్నట్టే. 'జీవిత భాగస్వామి ఆగ్రహానికి గురవుతారు, ఓర్పు వహించండి' అనే వాక్యం వేయకండి. నేరవార్తల పక్కన 'గ్రహాల ప్రభావమేనా?' అని ప్రశ్నగుర్తు శీర్షికలు పెట్టకండి. ఎవరు కొట్టారో, ఎన్నిసార్లు ఫిర్యాదు ఇచ్చారో, స్టేషన్లో ఎందుకు రాజీ చేసి పంపారో రాయండి, ఆ పని మీ విలేకరులకు బాగా వచ్చు. ప్రతి రాశి కింద అదృష్ట సంఖ్య అని ఒక గడి వేస్తున్నారు. అది ఎలా తీస్తారో నాకైతే తెలుసు, మీ పాఠకులకు చెప్పను. ఆ గడి తీసేస్తే 181, 112 రెండు నంబర్లూ పట్టేంత చోటు వస్తుంది, పేజీ డిజైన్ కూడా మార్చక్కర్లేదు.

ఆ తల్లీ కూతుళ్ల సంగతి తర్వాత ఏమైందని మీ పాఠకులు అడగొచ్చు. ఆ అమ్మాయి ఎక్కడుందో, ఎలా ఉందో రాయను. అతను కూడా పేపర్ చదువుతాడు.

వారఫలాలు రాసే మీ వ్యాసకర్త నాకు పరిచయం లేదు. ఆయన ఒప్పుకుంటే అచ్చుకు వెళ్లేముందు ప్రతి వారం దాంపత్యం గురించి రాసిన వాక్యాల వరకు చూసిపెడతాను, ఏమీ ఇవ్వక్కర్లేదు. నా ఫోన్ నంబరు, చిరునామా కవరు వెనుక రాశాను. అచ్చులో మాత్రం వేయకండి.

ఇట్లు,
పంచాంగ గణితం చేసుకునే మీ పాత పాఠకుడు